అగ్గిపుల్లకు అందని పరీక్ష

తెలంగాణ రాష్ట్ర ఆహార భద్రత కమిషనర్ గారికి,

డిండి వాగుకు ఇవతల నల్లగొండ, అవతల పాలమూరు. 2016లో జిల్లాలను విడగొట్టాక అవతలి ఒడ్డు నాగర్‌కర్నూల్ అయింది గానీ మా నోళ్లకు అది ఇంకా పాలమూరే. ఆ వాగుకు దగ్గర్లోనే ఒక సర్కారు హైస్కూల్లో ఇరవై ఏళ్లుగా ఫిజికల్ సైన్స్ చెప్తున్నాను. ఊరి పేరు రాయను. రాస్తే రేపు ఏ దుకాణం ముందో జీపు ఆగుతుంది. ఆ దుకాణం నడిపేది మా బడి పిల్ల తల్లే అయి ఉంటుంది. నాకు జీపు అక్కర లేదు. మా తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒక మాట అడిగాడు. దానికి జవాబు నా దగ్గర లేదు, మీ దగ్గర ఉండాలి. అందుకే ఈ ఉత్తరం.

సంగతి అగ్గిపెట్టెతో మొదలైంది. సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన వారం. నేను ల్యాబులోకి పోయేసరికి ఇద్దరు పిల్లలు అయిదు రూపాయల ప్యాకెట్ ఒకటి చించి, అందులోని వంకర పుల్లను పటకారుతో పట్టుకుని, కింద స్పిరిట్ దీపం వెలిగించారు. పుల్ల పచ్చటి మంటతో అంటుకుంది. చిటపటమంది. నల్లగా ముడుచుకుపోతూ బొట్టు బొట్టుగా కారింది.

"సూసిండ్రా సార్, పిలాస్టిక్! మా అన్న ఫోన్ల గూడ గిట్లనే కాలింది" అన్నాడు పటకారు పట్టుకున్నవాడు.

నేను కాదనలేదు. కాదంటే సారు కాదన్నాడన్న మాటొక్కటే వాళ్లకు గుర్తుంటుంది. టిఫిన్ డబ్బాల్లో పండుగ సకినాలు ఇంకా ఉన్నాయి. ఒక సకినం ముక్క, ఒక అప్పడం ముక్క, సూదికి గుచ్చిన ఒక పల్లిగింజ, ఈ మూడింటినీ వరసగా దీపం మీద పెట్టించాను. సకినం కాలింది. అప్పడం ఇంకా తొందరగా కాలింది. పల్లిగింజ అయితే దీపం తీసేశాక కూడా ఆరలేదు. దాని మీద పట్టుకున్న పరీక్షనాళికలోని నీళ్లు పొగలు కక్కాయి. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ చేసిన సకినంలో ప్లాస్టిక్ లేదని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర లేదు.

పిండి మండుతుంది, నూనె మండుతుంది, నూనె పీల్చిన పిండి దివిటీ లెక్క మండుతుంది. మంటకు అప్పడమూ ప్లాస్టిక్కూ ఒకటే.

ఈ పుకారు మా ఊళ్లో పుట్టింది కాదు. 1999లో పెప్సీకో కంపెనీ మన దేశంలో కుర్‌కురేను అమ్మకానికి తెచ్చింది. బియ్యప్పిండి, మక్కపిండి, శనగపిండి, నూనె, మసాలా, ఇవీ అందులో ఉండేవి. తర్వాత తర్వాత దాన్ని కాల్చి చూపించే వీడియోలు ఫోన్లలో ఎంతగా తిరిగాయంటే, 2018లో కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు పోయి ఫేస్‌బుక్, ట్విటర్, యూట్యూబుల్లోని పోస్టులను తీసేయించే ఉత్తర్వు తెచ్చుకోవలసి వచ్చింది. ఆ ఉత్తర్వు డిండి దాకా రాలేదు. వీడియో వచ్చింది. మా దగ్గర ఇప్పుడు ఏ కంపెనీ పుల్లయినా 'కుర్‌కురే'యే, ఏ కుర్‌కురే అయినా ప్లాస్టిక్కే. అయినా తినడం మాత్రం ఎవరూ మానలేదు, అది వేరే సంగతి.

నా బాధ ఆ కంపెనీ గురించి కాదు. దానికి వకీళ్లున్నారు. మా ఊళ్లో ఉన్న భయమంతా ఆ ఒక్క ప్లాస్టిక్ మీదే ఖర్చయిపోయింది. ప్లాస్టిక్ కాదని తేలిందా, "అయితే మంచిదే" అని ప్యాకెట్ ఖాళీ చేస్తారు. నిజంగా భయపడాల్సినవి నాలుగున్నాయి. వాటి జోలికి ఎవరూ పోరు, ఎందుకంటే వాటిలో ఒక్కటీ అగ్గిపుల్లకు దొరకదు.

ఆ పుల్లలు తయారుచేసే మిషన్ చూపిస్తే గానీ పటకారు పిల్లవాడి అనుమానం పూర్తిగా పోదనిపించింది. ఆ ఆదివారం వాణ్నీ, వాడి మేనమామనూ వెంటబెట్టుకుని ఒక పట్నానికి పోయాను. అక్కడ తెలిసినాయన రేకుల షెడ్డులో ఇవి తయారు చేస్తాడు. ముడిసరుకంతా మన నేలదే. మక్కలు బాదేపల్లి మార్కెట్ నుంచి, నూకలు మిర్యాలగూడ మిల్లుల నుంచి. మక్కరవ్వను చేతికి కాస్త తడి తగిలేటట్టు నీళ్లు చల్లి కలుపుతారు. అంటే నూటికి పదిహేను పాళ్ల తేమ అనుకోండి. దాన్ని మిషన్ నోట్లో పోస్తే లోపలి మర ముందుకు తోసుకుంటూ పోయి ఇరుకు సందులో కూరుతుంది. కింద పొయ్యి లేదు. రాపిడికే అది నూరు డిగ్రీలు దాటి కాగుతుంది. లోపలి నీరు మరగాలి, కానీ అంత ఒత్తిడిలో ఆవిరి కావడానికి చోటేదీ? చిల్లు దాటి బయటి గాలిలో పడగానే ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది. ముద్ద ఉబ్బి, ఉబ్బినది ఉబ్బినట్టే గట్టిపడిపోతుంది. మంగలంలో ప్యాలాలు పేలేదీ ఇట్లనే. అక్కడ గింజ పేలుతుంది, ఇక్కడ పిండిముద్ద.

పిల్లవాడు మిషన్ నోటి కింద దోసిలి పట్టాడు. వేడివేడిగా, బరువన్నది లేకుండా, దూదిపింజల్లా పడ్డాయి. ఉప్పు లేదు, కారం లేదు. నోట్లో వేసుకుని, "ప్యాలాల లెక్కనే ఉన్నయ్ సార్" అన్నాడు. ప్లాస్టిక్ ముచ్చట అక్కడితో అయిపోయింది.

ఒక పక్కమాట. ఈ విద్య మనిషి తిండి కోసం పుట్టింది కాదు. 1930లలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, బెలాయిట్ పట్నంలో ఫ్లేకాల్ అనే పశువుల దాణా కంపెనీ ఉండేది. దాణా మిషన్ పట్టేయకుండా పనివాళ్లు అందులో తడిపిన మక్కలు పోసేవాళ్లు. అవి ఉబ్బి ఉబ్బి బయటికొచ్చి పడేవి. అక్కడ పనిచేసే ఎడ్వర్డ్ విల్సన్ అనే ఆయన వాటిని ఇంటికి పట్టుకుపోయి ఉప్పూ నూనే కలిపి తిని చూశాడు. ఇవాళ మా బడి ముందర దండలుగా వేలాడేవి వాటి మునిమనవలు. ఇది చెప్తే మా క్లాసు పది నిమిషాల పాటు "అంబా" అంటూనే ఉంది.

కరకర ఎక్కడి నుంచి వస్తుందో కూడా షెడ్డులోనే తెలిసింది. ఉబ్బిన పుల్లను ఇంకా ఎండబెట్టో, నూనెలో వేయించో తేమను నూటికి రెండు మూడు పాళ్లకు దించుతారు. అప్పుడు లోపలి గదుల గోడలు సన్న గాజులా తయారవుతాయి. పళ్ల కింద ఒక్కో గోడ ఫట్టుమంటుంది. ముసురు రోజుల్లో ప్యాకెట్ విప్పి పెడితే గాలిలోని తేమ పీల్చుకుని అవే గోడలు సాగే రబ్బరవుతాయి. అందుకే లోపల నత్రజని నింపడం, అందుకే లోపలి వైపు వెండిలా మెరిసే అల్యూమినియం పూత. ప్యాకెట్ సగం గాలే ఉందని పిల్లలు తిట్టుకుంటారు గానీ ఆ గాలికి ఒక పని ఉంది. ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పాలి. ఇంత ఎండిన తిండిలో కుళ్లబెట్టే క్రిములు పెరగలేవు. ప్యాకెట్ బాగుంటే ఆ పుల్ల నిన్నటి పప్పుచారులా పాడైపోదు. ప్రమాదం మిషన్‌లో లేదు. మిషన్‌కు ముందూ వెనకా ఉంది.

వెనక ఏముందంటే, కడాయి. షెడ్డు వెనక పెద్ద పొయ్యి మీద నూనె కాగుతోంది. పామాయిల్. చౌక, కాగబెట్టినా తొందరగా చెడదు, అందుకని అందరూ దాన్నే వాడతారు. కడాయి అంచున జిగురు నల్లగా గారకట్టి ఉంది. నూనె రంగు పాలు పోయని చాయ రంగు.

"నూనె ఎన్నొద్దులకు మారుస్తరన్నా?" అని అడిగాను.

ఆయన నన్ను విచిత్రంగా చూశాడు. "మార్చుడేంది సార్, తగ్గితే పోస్తం" అన్నాడు.

దాచిపెట్టి చెప్పింది కాదు, దొంగతనమని ఆయన అనుకుంటేగా. పాత నూనెలో కొత్త నూనె పోయడం మన ఇళ్లల్లో పొదుపు. సకినాల కడాయిలో మిగిలిన నూనెను పోపులకు వాడని ఇల్లు ఈ జిల్లాల్లో ఎక్కడుంది? కాకపోతే సకినాల నూనె ఏడాదికోసారి కాగుతుంది, షెడ్డు నూనె రోజుకు పది గంటలు కాగుతుంది. కాగి కాగి విరిగిన నూనెలో పోలార్ కాంపౌండ్లు పేరుకుంటాయి. అవి నూటికి 25 పాళ్లు దాటిన నూనెను వాడకూడదని 2018 జులై 1 నుంచి మన దేశంలో నిబంధన ఉంది. రోజుకు 50 లీటర్లకు మించి వాడేవాళ్లు లెక్కరాసి పెట్టుకోవాలి, వాడేసిన నూనెను బయోడీజిల్‌కు సేకరించేవాళ్లకే ఇవ్వాలి. అన్నీ ఉన్నాయి. ఆ షెడ్డు గోడ మీద మాత్రం వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ తప్ప ఏమీ లేదు. నూనెలో ముంచితే పాళ్లు చూపించే చేతి మీటరు ఒకటుంటుంది. జ్వరం చూసే పుల్ల లాంటిదే. దాన్ని ఆయన జీవితంలో చూడలేదు. నేనూ ఫొటోలోనే చూశాను. మిమ్మల్ని అడిగేవాటిలో ఇది మొదటిది. ఆ మీటరును మండలానికి ఒకటి తిప్పండి. మొదటి ఏడాది జరిమానా రాయకండి, ముంచి అంకె చూపించండి. నలభై కనబడితే ఆయనే నూనె పారబోస్తాడు. ఆయన పిల్లలు కూడా అవే తింటారు, నేను చూశాను.

నూనె దగ్గరే ఇంకొకటి. పిండి పదార్థాన్ని 120 డిగ్రీలకు పైన ఎర్రగా వేయిస్తే అక్రిలమైడ్ పుడుతుందని 2002లో స్వీడన్ వాళ్లు కనిపెట్టారు. ఇది ప్యాకెట్‌కూ వర్తిస్తుంది, మాడ్చిన సకినానికీ వర్తిస్తుంది. బంగారు రంగు దగ్గరే దించేసే మా అమ్మమ్మకు ఆ పేరు తెలవకపోయినా చేసింది సరైన పనే.

ఇక మిషన్‌కు ముందరిది, గింజ. ఇక్కడ నేను పరాయివాళ్ల మీద వేలు చూపలేను, ముందు మా ఇల్లే చూపాలి. పల్లికాయ వొలవాలంటే ఎండు పొట్టు వేళ్లకు గుచ్చుకుంటుంది, గింజ చిట్లుతుంది. అందుకని మా అమ్మ ముందు రోజు రాత్రి కాయ మీద నీళ్లు చల్లి, గోనెసంచి కప్పి పెట్టేది. పొద్దున్నే పొట్టు మెత్తగా వచ్చేది. కాయను మిషన్‌లో వొలిపించేవాళ్లూ అట్లనే చేస్తారు. కాస్త తూకం కూడా కలిసొస్తుంది. ఆ ఒక్క రాత్రి తడి చాలు, ఆస్పర్‌జిల్లస్ అనే బూజు లేవడానికి. అది వదిలే విషం అఫ్లటాక్సిన్. కాలేయాన్ని తింటుంది, క్యాన్సర్ తెస్తుంది. వేయించినా పూర్తిగా పోదు. రుచి లేదు, వాసన లేదు. మక్కల్లోనూ వస్తుంది.

ఈ విషం లోకానికి తెలిసింది 1960లో. ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వాటికి పెట్టిన పల్లిచెక్క అని తేలింది. మన దేశంలో 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు గిరిజన పల్లెల్లో అకాల వానకు తడిసిన మక్కలు తిని వందమందికి పైగా చనిపోయారు. ఆ చావులకు కారణం తేల్చినవాళ్లు మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. ఇవాళ మన చట్టం తృణధాన్యాల్లో కిలోకు 15 మైక్రోగ్రాములకు మించి ఉండకూడదంటుంది. యూరప్ వాళ్లు తినడానికి తయారైన పల్లిలో మొత్తం నాలుగే అంటారు. అందుకని ఎగుమతి పల్లికి పరీక్షలు. మరి బడి గేటు దగ్గర అమ్మే పల్లీపట్టీకి?

ఇందులో పాలమూరుకు ఒక మంచి ఉంది, చెప్పుకోవాలి. వనపర్తి, గద్వాల, అచ్చంపేట దిక్కు యాసంగి పల్లి ఎండలు ముదిరే వేళకు చేతికొస్తుంది. కాయ పొలంలోనే గలగలా ఎండుతుంది, బూజుకు సందు తక్కువ. అంత మంచి గింజ తీసుకొచ్చి మనమే నీళ్లు చల్లుతున్నాం. అఫ్లటాక్సిన్‌ను చౌకగా పట్టుకునే పరీక్ష కిట్టును పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తయారు చేసింది. ఆఫ్రికాలో మలావి దేశపు రైతుల సంఘం ఆ పరీక్షతోనే తన పల్లిని మళ్లీ విదేశాలకు అమ్ముకోగలిగింది. పటాన్‌చెరు నుంచి పాలమూరు ఎంత దూరం? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు. మార్కెట్ యార్డులు మీ శాఖవి కావని నాకు తెలుసు. కానీ మక్క బాదేపల్లిలో బూజు పట్టి, పుల్లగా మారి మా ఊరికొచ్చాక మీరొచ్చి పట్టుకుంటే లాభమేముంది? యార్డులో తేమ చూసే మిషన్, ఆ కిట్టు, ఈ రెండూ పెట్టించండని వ్యవసాయ మార్కెటింగ్ శాఖకు మీరొక ఉత్తరం రాయొచ్చు. మీ ఉత్తరానికి నా ఉత్తరం కంటే బరువుంటుంది.

రుచీ వాసనా లేని విషం అంటే ఏమిటో నల్లగొండకు ఎవరూ నేర్పనక్కర లేదు. మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరునీళ్లు చూడటానికి తేటగానే ఉండేవి. ఆ తేటనీళ్లే మూడు తరాల ఎముకలను వంచాయి. నీళ్లలోంచి ఫ్లోరైడును పటిక, సున్నంతో తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించి దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. లోకంలో పుస్తకాల్లో మా జిల్లా పేరు అట్లా ఎక్కింది. సంతోషించాలో ఏడవాలో ఇప్పటికీ తెలవదు. కానీ ఒకటి. నీళ్లను పరీక్షకు పంపి, అంకె వచ్చి, ఆ అంకెను ఊరి బోరు మీద ఎర్రరంగుతో రాశాకే జనం బిందె పక్కకు పెట్టారు.

ఇప్పుడు పిల్లవాడి ప్రశ్న దగ్గరికి వస్తాను.

షెడ్డు నుంచి వచ్చాక మా వాళ్లకు పరీక్షల పిచ్చి పట్టింది. అంగడిలో పారదర్శకపు కవర్లో పోసి, మూతికి పిన్ను కొట్టి అమ్మే పసుపు గొట్టాలు ఒక కవరు తెచ్చారు. పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు. నీళ్లలో నానబెట్టి, ఆ పచ్చనీళ్లలో నాలుగు చుక్కలు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేశాం. గులాబీ రంగు తిరిగింది. క్లాసంతా అరిచింది. "ఆగండి, ఉత్త పసుపు అయినా ఇట్లనే తిరుగుతుంది" అని, ఇంకో నాళికలో ఇంటి పసుపు కలిపి చూపించాను. అదీ గులాబీయే. ఇప్పుడు రెంటిలోనూ నీళ్లు పోశాం. పసుపు నాళికలో గులాబీ పోయింది. గొట్టాల నాళికలో పోలేదు. ఎంత పోసినా పలచబడింది గానీ పోలేదు. అట్లా పోకపోతే మెటానిల్ ఎల్లో అని అనుమానించాలి. బట్టలకు, తోలుకు వేసే రంగు. తిండిలో దానికి అనుమతి లేదు.

ఈసారి ఎవరూ అరవలేదు. పటకారు పిల్లవాడే అడిగాడు. "ఇప్పుడు ఎవలకు చెప్పాలె సార్?"

నేను చట్టం తీశాను. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం. మీ అధికారి నమూనా తీసి, నాలుగు భాగాలు చేసి, సీలు వేసి పంపితే, అనలిస్టు 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. అది మీ పని. మామూలు మనిషికి కూడా 40వ సెక్షన్ ఒక హక్కు ఇచ్చింది. ఎవరైనా కొన్న తిండిని ఫీజు కట్టి అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. తప్పు తేలితే ఫీజు వాపసు వస్తుంది. చదివి పొంగిపోయాను. కింద ఇంకో వాక్యం ఉంది. కొనేటప్పుడే, "నేను దీన్ని పరీక్షకు పంపుతున్నాను" అని అమ్మేవాడికి చెప్పాలట.

కమిషనర్ గారూ, మా ఊరి దుకాణంలో నిలబడి ఆ మాట అనే మనిషిని ఒకసారి మనసులో ఊహించండి. దుకాణం అక్క దగ్గర అతనికి ఖాతా ఉంది. మొన్న చెల్లె పెళ్లికి పప్పూ నూనే అక్కడే ఉద్దెర తెచ్చాడు. అయిదు రూపాయల ప్యాకెట్ చేతిలో పట్టుకుని, "అక్కా, నేను దీన్ని నాచారం ల్యాబుకు పంపుతున్న" అనాలి. అంటే ఇక రేపటి నుంచి చక్కెర ఎవరిస్తారు? అన్నాడే అనుకోండి, ఆ కవరు పట్టుకుని నూరు కిలోమీటర్లకు పైగా హైదరాబాదు నాచారంలోని రాష్ట్ర ఆహార ల్యాబుకు పోవాలి. అయిదు రూపాయల గొట్టాలకు ఒక రోజు కూలీ, బస్సు చార్జీలు, పైన ఫీజు. హక్కు మంచిదే. నడిచి రావడానికి దానికి కాళ్లే లేవు.

2024లో మీ టాస్క్‌ఫోర్స్ హైదరాబాదులో పెద్ద పెద్ద హోటళ్ల వంటిళ్లలోకి పోయింది, చూసింది చూసినట్టు పేర్లతో సహా ఎక్స్‌లో పెట్టింది. జనం మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. హోటలుకు పేరుంది కాబట్టి పరువుంది, పరువుంది కాబట్టి భయముంది. మా అయిదు రూపాయల కవరుకు పేరే లేదు, ఏ పరువు తీస్తారు? పేరున్న ప్యాకెట్ సంగతైనా అంతంతే. లైసెన్సు నంబరు 14 అంకెలుండాలని చెప్పి పిల్లల చేత లెక్కపెట్టించాను. ఒక ప్యాకెట్ మీద 13 వచ్చాయి. మూడుసార్లు లెక్కపెట్టారు. 13.

ప్యాకెట్ వెనక రాసింది చదవమంటారు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లోనూ లేబుల్ చదివి కొనమనే ఉంది. ఏ భాషలో చదవాలి? ఇంగ్లీషులో గానీ దేవనాగరి లిపిలో హిందీలో గానీ రాస్తే చాలని 2020 లేబులింగ్ నిబంధనలు చెప్తున్నాయి. తెలుగు ఉంటే ఉండొచ్చు, లేకపోతే అడిగేవాడు లేడు. ముందువైపు 'కారం కారం' అని తెలుగులో రాయడం కంపెనీకి వస్తుంది. వెనకవైపు పామాయిల్, ఉప్పు ఎంతో రాసేటప్పుడు మాత్రం తెలుగు మరిచిపోతుంది. ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారమని చదువురాని మా ముసలమ్మలకు కూడా తెలుసు. బొమ్మ అంత పని చేస్తుంది. చిలీ దేశంలో 2016 నుంచి ఉప్పు, చక్కెర, కొవ్వు మితిమీరిన ప్యాకెట్ల ముందు నల్లటి ఎనిమిది మూలల ముద్ర వేస్తున్నారు. దాన్ని చదవడానికి అక్షరాలు రానక్కర లేదు. ఇది ఢిల్లీ చేతిలో ఉందని తెలుసు. ఢిల్లీకి రాష్ట్రాలు చెప్పకూడదని లేదు కదా.

కొన్ని ప్యాకెట్ల లోపల ఆటబొమ్మలు పెడుతున్నారు. 2017లో ఏలూరులో చిప్స్ ప్యాకెట్‌లో వచ్చిన ప్లాస్టిక్ బొమ్మ గొంతులో ఇరుక్కుని నాలుగేళ్ల పిల్లవాడు చనిపోయాడు. ఆ తర్వాత తిండి ప్యాకెట్లలో బొమ్మలు వద్దని కేంద్ర ఆహార భద్రత సంస్థ చెప్పింది. మొన్న మా ఆరో తరగతి పిల్ల నాకు తన దగ్గరున్న ఈలల సేకరణ చూపించింది. పదకొండు ఈలలు. అన్నీ ప్యాకెట్లలోవే. కాల్చి కాల్చి వెతికిన ప్లాస్టిక్ అక్కడుంది, పక్కనే, రంగురంగుల్లో.

బడి గేటుకు 50 మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండ్లు అమ్మొద్దని 2020లోనే నిబంధన వచ్చింది. నేను అడుగులతో కొలిచాను. మా గేటుకు దుకాణం 18 అడుగులు. దాన్ని ఎత్తేయమని అడగను. ఆమెకు అదే బతుకు. ఆ దండల్లో సగం తీసి ఉడకబెట్టిన పల్లీలు, మక్క గుడాలు, బొరుగులు పెట్టమని నేను చెప్తే నవ్వింది. "పోరగాండ్లు కొంటరా సార్?" అంది. కొన్నారు, మూడు రోజులు. నాలుగో రోజు మళ్లీ కరకర. ఆ శబ్దంతో ఒక సైన్సు సారు పోటీపడలేడు.

కాబట్టి అడిగేది ఇదే. మూడు నెలలకోసారి మా అంగళ్లలో అయిదు రూపాయల సరుకు నమూనాలు తీయండి. పేరున్నవీ తీయండి, పిన్ను కొట్టినవీ తీయండి. రంగు, నూనె, అఫ్లటాక్సిన్ చూడండి. మీ సంచార ల్యాబు బండి ఉంది కదా, దాన్ని హైదరాబాదు దాటించండి. వచ్చిన అంకెలను తెలుగులో, బ్యాచ్ నంబరుతో సహా, గ్రామ పంచాయతీ గోడ మీద, మా బడి నోటీసు బోర్డు మీద అంటించండి. మంచివని తేలినవాటి పేర్లు కూడా అంటించండి. షెడ్డు ఆయనకు అదొక సర్టిఫికెట్, రేపటి నుంచి నూనె మార్చడానికి ఒక కారణం. ఫిర్యాదు చేసిన మనిషి పేరు దుకాణం దాకా పోకుండా చూడండి.

ఊరి పేరు చెప్పకుండా ఎక్కడికి రమ్మంటావని మీరు అడగొచ్చు. వాగుకు ఇటైనా అటైనా ఏ అంగడికి పోయినా సరే. పదింటికల్లా గొట్టాల బండి వస్తుంది, చింతచెట్టు నీడ ఉంటే దాని కింద ఆగుతుంది.

ఆ రోజు మిగిలిన పసుపు గొట్టాలను పిల్లలు గాజుసీసాలో పోసి, మూతకు మైనం పట్టించి, కొన్న తేదీ, అంగడి పేరు, బరువు రాసి ల్యాబు బీరువాలో పెట్టారు. సీలూ సంతకమూ లేని ఆ సీసా చట్టం ముందు దేనికీ పనికిరాదని నేను చెప్పాను.

"ఉండనియ్యుండ్రి సార్" అన్నాడు పటకారు పిల్లవాడు. "ఎవలన్న వస్తరేమో."

ఇట్లు,
డిండి వాగు దగ్గరి ఒక సైన్సు సారు